మీ సందేశం పంపబడింది

మా స్క్రైబ్ గ్రూప్ గురించి మన కాలేజీలో సగంమందికి తెలిసే ఉంటుంది. తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. చూపు లేని విద్యార్థులు పరీక్షలో జవాబులు నోటితో చెబుతుంటే పక్కన కూర్చుని రాసిపెట్టే మనిషిని స్క్రైబ్ అంటారు. 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, స్క్రైబ్‌ని సొంతంగా తెచ్చుకుంటే ఆ మనిషి చదువు పరీక్ష రాసేవారి చదువు కంటే ఒక మెట్టు తక్కువ ఉండాల్సి వచ్చేది. అంటే డిగ్రీ చదివేవాళ్ళకి ఇంటర్ పాసై, డిగ్రీ ఇంకా చేతికి రానివాళ్ళు కావాల్సి వచ్చేది. ఎవరు వాళ్ళు? మనమే. బీటెక్ పట్టా రాకపోవడం ఒక అర్హతగా పనికొచ్చే చోటు నాకు తెలిసి ఇదొక్కటే.

సీనియర్లు నాలుగేళ్ళ క్రితం దీనికోసం ఒక చిన్న వెబ్‌సైట్ కట్టారు. వర్డ్‌ప్రెస్‌లో మూడు పేజీలు. మొదటి రెండూ ఎవరూ చదవరు. మూడోది ఫారం. పేరు, ఫోన్ నంబరు, పరీక్ష తేదీ, సెంటర్ ఏ ఊళ్ళో, సబ్జెక్టు, తెలుగు మీడియమా ఇంగ్లిష్ మీడియమా. నింపి నొక్కితే గ్రూప్ జీమెయిల్‌కి ఒక మెయిల్ వస్తుంది. అది చూసి మేం వాట్సాప్‌లో వేస్తాం. ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళు చెయ్యెత్తుతారు. అంతే వ్యవస్థ. తెనాలి, బాపట్ల, నరసరావుపేట దాకా వెళ్ళొచ్చాం దీని పుణ్యమా అని.

సెకండియర్ అయిపోయాక ఆ వెబ్‌సైట్ నా చేతికొచ్చింది. కారణం నా ప్రతిభ కాదు. మీటింగ్‌కి ఆలస్యంగా వెళ్ళాను.

పోయిన అక్టోబర్‌లో హోస్టింగ్ రెన్యువల్ వచ్చింది. పాత హోస్టింగ్ వాళ్ళు రేటు పెంచారు. గ్రూప్ డబ్బులంటే మనవాళ్ళు తలా యాభై వేసుకున్నవే కదా, అందుకని నేను వెతికి వెతికి దాంట్లో సగం రేటుకి ఇంకో హోస్టింగ్ పట్టాను. శనివారం రాత్రి కూర్చుని ఫైళ్ళు, డేటాబేస్ అన్నీ అటు మార్చాను. డొమైన్ సెట్టింగ్స్‌లో పాత సర్వర్ ఐపీ తీసేసి కొత్తది పెట్టాను. పొద్దున్నకి సైట్ ఓపెన్ అవుతోంది. ఫొటోలు వస్తున్నాయి. ఫారం కూడా ఒకసారి నింపి చూశాను. కింద ఆకుపచ్చ గీత మధ్యలో "ధన్యవాదాలు. మీ సందేశం పంపబడింది" అని వచ్చింది. గ్రూప్‌లో "మైగ్రేషన్ డన్, డబ్బులు సగం మిగిలాయి" అని మెసేజ్ పెట్టాను. పద్నాలుగు మంది దండం ఎమోజీ పెట్టారు. పడుకున్నాను.

ఇన్‌బాక్స్ తెరిచి ఆ మెయిల్ వచ్చిందో లేదో చూడలేదు. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ ఒక్క పని చెయ్యకపోవడమే.

నవంబర్ అంతా మెయిళ్ళు లేవు. అనుమానం రాలేదా అని మీరడగొచ్చు. రాలేదు. మనకి ఇంటర్నల్స్, ల్యాబ్ రికార్డులు. మెయిల్ రాకపోతే మనసులో ఎక్కడో హాయిగా కూడా ఉంటుంది, నిజం చెప్పాలంటే. ఈసారి డిగ్రీ వాళ్ళ సెమిస్టర్ పరీక్షలు వెనక్కి జరిగాయేమో అని మాలో ఎవరో అన్నారు. అందరం నమ్మేశాం. మెయిల్ వస్తే కనిపిస్తుంది. రాని మెయిల్ ఎవరికి కనిపిస్తుంది?

నవంబర్ చివర్లో ఒక రాత్రి, ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న సీనియర్ ఫోన్ చేశాడు.

"ఏరా, ఫారం పని చేస్తోందా?"

"చేస్తోంది అన్నా. నేనే కదా మార్చింది."

"ఒకబ్బాయి నాకు ఫోన్ చేశాడు రా. పాత నంబరు ఎక్కడో దొరికిందంట. ఫారం రెండుసార్లు నింపాడంట, ఎవరూ ఫోన్ చెయ్యలేదంట. ఎల్లుండి ఎకనామిక్స్ పేపరంట."

నేను అక్కడే ల్యాప్‌టాప్ తీసి ఫారం నింపాను. ఆకుపచ్చ గీత వచ్చింది. "చూడన్నా, పంపబడింది అని వచ్చింది" అన్నాను, గెలిచినట్టు.

"మెయిల్ వచ్చిందా?"

ఇన్‌బాక్స్ తెరిచాను. లేదు. స్పామ్ చూశాను. అక్కడా లేదు. ఫోన్‌లో ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేదు.

ఆ అబ్బాయికి అప్పటికప్పుడు ఒక సెకండియర్ కుర్రాణ్ణి కుదిర్చాం. తర్వాత నేను కూర్చున్నాను, రాత్రి పదకొండుకి. మొదటి రెండు గంటలు నేను చేసినవన్నీ పనికిమాలిన పనులు. ప్లగిన్ అప్‌డేట్ చేశాను. క్యాష్ క్లియర్ చేశాను. థీమ్ మార్చి చూశాను. ఫారం తీసేసి మళ్ళీ పెట్టాను. ఒక వీడియోలో చెప్పినట్టు అడ్రస్ చివర ఖాళీ ఉందేమోనని చూశాను. మీలో ఎవరికైనా ఇలాంటిది ఎదురైతే నా మాట వినండి, ఫారంని ముట్టుకోకండి. ఫారం తన పని తాను చేస్తూనే ఉంది.

రూమ్మేట్ ఈసీఈ. వెబ్‌సైట్ల గురించి వాడికేమీ తెలీదు. మంచం మీద నుంచి లేవకుండానే "ఉత్తరం డబ్బాలో వేశావు సరే, పోస్టాఫీసు దాటిందో లేదో చూశావా?" అన్నాడు. అదీ ప్రశ్న.

వర్డ్‌ప్రెస్ మామూలుగా మెయిల్ పంపేది పీహెచ్‌పీలోని మెయిల్ ఫంక్షన్ ద్వారా. అది మెయిల్‌ని అదే సర్వర్ మీదున్న మెయిల్ ప్రోగ్రాంకి అందిస్తుంది. ఆ ప్రోగ్రాం "సరే, ఇచ్చావుగా" అంటే చాలు, ఫంక్షన్ ట్రూ అని చెప్పేస్తుంది. ట్రూ అంటే చేరిందని కాదు, తీసుకున్నారని. పీహెచ్‌పీ మాన్యువల్‌లోనే ఈ సంగతి రాసి ఉంది. నేను చదవలేదు. ఫారం ఆ ట్రూ చూసి ఆకుపచ్చ గీత వేసేస్తుంది. దానికి అంతకంటే తెలీదు పాపం.

సీప్యానెల్‌లో ట్రాక్ డెలివరీ అని ఒక చోటుంది. తెరిచాను. వరసగా ఎర్ర గుర్తులు. ఒకదాని మీద నొక్కితే జీమెయిల్ ఇచ్చిన జవాబు కనిపించింది. 550 5.7.26. పంపినవారు ఎవరో రుజువు కాలేదు కాబట్టి ఈ మెయిల్ తీసుకోము అని సారాంశం. స్పామ్‌లో వెయ్యడం కాదు, గుమ్మంలోంచే వెనక్కి తిప్పేశారు. అందుకే నాకు స్పామ్‌లో కూడా కనపడలేదు.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి. మెయిల్ పంపే ఎస్ఎంటీపీ నియమాలు 1982లో రాసుకున్నవి. అప్పుడు నెట్‌వర్క్‌లో ఉన్నవాళ్ళు తక్కువ, నమ్మకం ఎక్కువ. "ఫలానావారి నుంచి" అని ఎవరు ఏం రాసినా అడిగేవాళ్ళు లేరు. నేను మన ప్రిన్సిపాల్ పేరుతో మీకు సెలవు ప్రకటించొచ్చన్నమాట. తర్వాత మోసాలు పెరిగాక రెండు కాపలాలు వచ్చాయి. ఒకటి ఎస్‌పీఎఫ్: ఈ డొమైన్ పేరుతో మెయిల్ పంపడానికి ఫలానా సర్వర్లకే అనుమతి అని డొమైన్ యజమాని డీఎన్ఎస్‌లో రాసిపెట్టుకునే జాబితా. రెండోది డీకిమ్: పంపే సర్వర్ ప్రతి మెయిల్ మీదా ఒక సంతకం పెడుతుంది, ఆ సంతకాన్ని సరిచూసే తాళంచెవి డీఎన్ఎస్‌లో ఉంటుంది. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ తనకి మెయిల్ పంపే ఎవరికైనా ఈ రెండిట్లో కనీసం ఒకటి ఉండాలని నియమం పెట్టింది. రోజుకి వేలల్లో పంపేవాళ్ళకైతే రెండూ కావాలి.

ఇప్పుడు నా ఘనకార్యం చూడండి. మా డొమైన్ డీఎన్ఎస్ ఉండేది డొమైన్ కొన్న చోట. నేను అక్కడ ఐపీ ఒక్కటే మార్చాను. ఎస్‌పీఎఫ్ జాబితాలో ఇంకా పాత సర్వరే ఉంది. కొత్త హోస్టింగ్ తన వంతు పని చేసింది, ఎస్‌పీఎఫ్, డీకిమ్ రెండూ తయారు చేసి తన దగ్గరున్న డీఎన్ఎస్‌లో పెట్టుకుంది. ఆ డీఎన్ఎస్‌ని ప్రపంచంలో ఎవరూ చూడరు. పైగా మెయిల్‌కి రెండు పేర్లుంటాయి. లోపల ఉత్తరం మీద మా డొమైన్ పేరు, బయట కవరు మీద ఆ సర్వర్ సొంత పేరు. సగం రేటు సర్వర్ కదా, ఆ కవరు పేరుకీ ఎస్‌పీఎఫ్ లేదు. జీమెయిల్ ఏ వైపు నుంచి అడిగినా మాకు పూచీ పడేవాడు లేడు. గుర్తింపు కార్డు ఇంట్లో బీరువాలో జాగ్రత్తగా దాచుకుని హాల్లోకి వెళ్ళినట్టు.

సరిచెయ్యడానికి నలభై నిమిషాలు కూడా పట్టలేదు. సీప్యానెల్‌లోనే ఈమెయిల్ డెలివరబిలిటీ అనే పేజీలో ఏ రికార్డులు పెట్టాలో రాసే ఉన్నాయి. కాపీ చేసి డొమైన్ దగ్గర అతికించాను. ఆ మర్నాడు ఇంకో మార్పు చేశాను. ఒక ఎస్ఎంటీపీ ప్లగిన్ పెట్టి, మా గ్రూప్ జీమెయిల్‌కి టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి, పదహారు అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసి ఇచ్చాను. ఇప్పుడు మెయిల్ మా అకౌంట్ నుంచే లాగిన్ అయి బయల్దేరుతుంది. ఈ వివరాలు ఇంత విడమరిచి ఎందుకు చెబుతున్నానంటే, మీలో చాలామంది ఇంట్లోవాళ్ళ షాపుకో, క్లబ్బుకో ఇలాంటి సైట్లే కట్టి ఉంటారు. ఒకసారి ఇన్‌బాక్స్ చూసుకోండి.

కానీ అసలు సంగతి అది కాదు.

మేం వాడే కాంటాక్ట్ ఫారం 7 అనే ప్లగిన్ వచ్చిన వివరాలని దాచుకోదు. మెయిల్ చేసేస్తుంది, మర్చిపోతుంది. దాచుకోవాలంటే ఫ్లెమింగో అని వేరే ప్లగిన్ పెట్టాలి, మాకు లేదు. అంటే ఆ ఐదారు వారాల్లో ఫారం నింపినవాళ్ళు ఎవరో, ఎంతమందో మాకు తెలియదు. తెలిసే దారి లేదనే అనుకున్నాను. రాత్రి ఒంటిగంట దాటింది. యాక్సెస్ లాగ్ తీస్తే ఫారం నొక్కినట్టు గీతలున్నాయి, తేదీ, టైమ్, ఐపీ. పేర్లు లేవు. నవంబర్ 14, రాత్రి 9:40. నవంబర్ 14, రాత్రి 9:52. మళ్ళీ 15న. ఒకే ఐపీ. ఎవరో ఒకే మనిషి మూడుసార్లు ప్రయత్నించారు. వాళ్ళకి మూడుసార్లూ మేం ధన్యవాదాలు చెప్పాం.

వాళ్ళకి ఆ ఆకుపచ్చ కనపడదు. ఫోన్‌లో టాక్‌బ్యాకో, కంప్యూటర్లో ఎన్‌వీడీఏనో గొంతుతో చదివి వినిపిస్తుంది. మీ సందేశం పంపబడింది. పెద్ద వాల్యూమ్‌లో, తొణక్కుండా.

అప్పుడు రూమ్మేట్ ఇంకో మాటన్నాడు. "అడ్రస్ దొరక్కపోతే ఉత్తరం తిరిగి పంపినవాడి దగ్గరికే వస్తుంది కదరా. మరి ఇవెక్కడికొచ్చాయి?"

జీమెయిల్ తిప్పికొట్టిన ప్రతి మెయిల్‌కీ సర్వర్ ఒక బౌన్స్ నోటీసు తయారుచేసి, కవరు మీదున్న పేరుకి పంపుతుంది. మా కవరు మీదున్న పేరు హోస్టింగ్ అకౌంట్ యూజర్‌నేమ్. దానికీ సర్వర్‌లో ఒక డిఫాల్ట్ మెయిల్‌బాక్స్ ఉంటుంది. అలాంటిది ఒకటుందని కూడా నాకు తెలీదు. వెబ్‌మెయిల్‌లో తెరిచాను.

చదవనివి 19.

బౌన్స్ నోటీసు కింద అసలు మెయిల్ కాపీ మొత్తం ఉంటుంది. పేరు, ఫోన్, తేదీ, సెంటర్, సబ్జెక్టు. అన్నీ ఉన్నాయి. ఐదు స్పామ్. ఒకటి నేను అక్టోబర్‌లో "టెస్ట్ టెస్ట్" అని పంపింది. మిగతా పదమూడు మనుషులవి. ఒక కాగితం మీద తేదీల వరసలో రాసుకున్నాను. పదమూడులో ఎనిమిది పరీక్షలు అయిపోయాయి. ఐదు ఇంకా రావాలి.

ఆ ఐదుగురికి పొద్దున్నే ఏడింటికి ఫోన్లు మొదలుపెట్టాం, మధ్యాహ్నానికల్లా మనుషుల్ని కుదిర్చాం. అది తేలిక. ఎనిమిదిమందికి ఫోన్ చెయ్యాలా వద్దా అని గ్రూప్‌లో చర్చ జరిగింది. అయిపోయిందానికి ఇప్పుడు ఏం చెప్తాం అని కొందరన్నారు. వాళ్ళన్నదీ తప్పని నేననను. కానీ మేం పట్టించుకోలేదనే అనుకుంటూ ఉంటారు కదా, అది నాకు మింగుడుపడలేదు. మార్చింది నేను కాబట్టి నేనే చేస్తానన్నాను. చేతులు వణికాయని ఒప్పుకోడానికి సిగ్గేం లేదు.

ఒకతను నవ్వేశాడు. "మా తమ్ముడు ఇంటర్ సెకండియర్ బ్రదర్, వాడిచేత రాయించా. వాడి చేతిరాత దేవుడికే తెలియాలి." ఒకావిడ కాలేజీవాళ్ళే ఎవరినో చూశారంది. ఒకతను నేను చెప్పేదంతా విని, "తప్పు మీ సర్వర్‌దా, మీదా?" అనడిగాడు. నాదే అన్నాను. "అయితే ఇంకోటి కూడా సరిచెయ్యండి. మీ ఫారంలో తేదీ ఎంచుకునే డబ్బా టాక్‌బ్యాక్‌లో సరిగా చదవదు. ప్రతిసారీ మా అక్కని పిలవాల్సొస్తోంది" అన్నాడు. నాలుగేళ్ళుగా నడుస్తున్న ఫారం. మాకెవరికీ తెలీదు, మేం కళ్ళు మూసుకుని ఒక్కసారైనా దాన్ని నింపితే కదా. ఒక నంబరు ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. ఇప్పటికీ ఎత్తలేదు.

చివరిది బాపట్ల సెంటర్. హిస్టరీ, తెలుగు మీడియం. నవంబర్ 14, 15 తేదీల్లో మూడుసార్లు నొక్కిన మనిషి ఈవిడే అని వివరాలు చూడగానే తెలిసింది. నేను పేరు చెప్పగానే "ఆ, చెప్పండి" అంది. సంగతంతా చెప్పాను. ఎస్‌పీఎఫ్, డీకిమ్ అని మొదలుపెట్టి మధ్యలో ఆపేశాను.

"పరీక్ష రాయలేదండీ" అంది. "పంపబడింది అని వచ్చింది కదా, వస్తారనుకున్నా. ముందురోజు సాయంత్రం దాకా చూశా. అప్పటికప్పుడు ఎవరూ దొరకలేదు."

నేను సారీ అన్నాను. ఇంకేమన్నానో గుర్తులేదు.

"సప్లీ కట్టాను. ఏప్రిల్‌లో ఉంటుంది. అప్పుడు వస్తారా?"

ఈలోగా ఫారం చాలా మారింది. ఫ్లెమింగో పెట్టాం, ఏం వచ్చినా డేటాబేస్‌లో ఉంటుంది. తేదీ డబ్బా తీసేసి మామూలుగా టైపు చేసే గడి పెట్టాం. ప్రతి సోమవారం ఒకరు ఫారం నింపుతారు, ఇంకొకరు మెయిల్ వచ్చిందో లేదో చూసి గ్రూప్‌లో చెప్తారు. ఇద్దరూ వేర్వేరు మనుషులు ఉండాలి. ఆ ఆకుపచ్చ వాక్యం కూడా మార్చాం. ఇంటర్‌లో మా తెలుగు మేడమ్ "బడు" వాడితే ఎర్రపెన్నుతో కొట్టేసేవారు. పంపబడింది, చేయబడింది, తెలియజేయబడింది అంటే ఎవరు చేశారో చెప్పకుండా తప్పించుకోవడమే అనేవారు. అప్పుడు రెండు మార్కులు పోయాయని తిట్టుకున్నాను. ఇప్పుడు మా ఫారంలో ఇలా ఉంది: "మీ వివరాలు మా దగ్గరున్నాయి. రెండు రోజుల్లో మేం ఫోన్ చేస్తాం. చెయ్యకపోతే ఈ నంబరుకి మీరు చెయ్యండి." కింద నంబరు. ప్రస్తుతానికి నాదే.

ఏప్రిల్‌లో బాపట్ల వెళ్ళాను. మూడు గంటల పేపర్. గంటకి ఇరవై నిమిషాల చొప్పున అదనం, మొత్తం నాలుగు గంటలు. విడిగా ఒక చిన్న గది, ఒక ఇన్విజిలేటర్, పైన చప్పుడు చేసే ఫ్యాను. నేను ఎనిమిదో తరగతి తర్వాత వరసగా నాలుగు పేజీలు తెలుగు రాసింది లేదు. మొదటి అరగంటలోనే ఆవిడకి అర్థమైపోయింది.

"శాతవాహనుల్లో ఏ శ వేశారు?"

చెప్పాను.

"అది కాదు. శంఖంలో శ."

కొట్టేసి రాశాను. ఇన్విజిలేటర్ గారు నవ్వు ఆపుకున్నారు. ఆవిడ చెప్పే తీరు నాకు కొత్త. ప్రశ్న నేను రెండుసార్లు చదివేవాణ్ణి. ఒక నిమిషం మౌనం. తర్వాత మొత్తం జవాబు పేరాలతో సహా లోపల ఉన్నట్టే వచ్చేది, "ఇక్కడ కొత్త పేరా" అని మధ్యలో చెబుతూ. కాకతీయుల వాణిజ్యం మీద ప్రశ్న వచ్చింది. గణపతిదేవుడు 1244లో వేయించిన మోటుపల్లి అభయశాసనం గురించి చెప్పింది. తుఫానులో ఓడలు దెబ్బతిని సరుకు ఒడ్డుకి కొట్టుకొస్తే అంతకుముందు రాజులు మొత్తం తీసేసుకునేవారు, ఈయన సుంకం మాత్రమే తీసుకుని మిగతాది వర్తకులకే వదిలేస్తానని శాసనం రాయించాడు. మోటుపల్లి అక్కడికి దగ్గరే. నేను ఎప్పుడూ వినలేదు. చెయ్యి నొప్పెడుతున్నా ఆ జవాబు మాత్రం ఒక్క కొట్టివేత లేకుండా రాశాను.

బెల్లు కొట్టాక ఎన్ని పేజీలయ్యాయి అనడిగింది. ఇరవై ఆరు అన్నాను. బయట వాళ్ళ నాన్నగారు స్కూటీ దగ్గర నిలబడి ఉన్నారు. నాకు మజ్జిగ ప్యాకెట్ ఇచ్చారు, వద్దన్నా వినలేదు.

బండి ఎక్కబోతూ ఆగి అడిగింది. "వచ్చే సెమిస్టర్‌కి ఫారం నింపనా, మీకే ఫోన్ చెయ్యనా?"

"రెండూ చెయ్యండి" అన్నాను.